మనాలి వెళ్తున్నారా? రోహ్‌తాంగ్‌ను చివరి రోజుకు పెట్టుకోండి

మహబూబ్‌నగర్ నుంచి చుట్టాలను, దోస్తులను వెంటబెట్టుకుని ఇప్పటికి ఏడుసార్లు మనాలి వెళ్లొచ్చాను. వెళ్లిన ప్రతిసారీ, మనాలి పైనున్న రోహ్‌తాంగ్ కనుమకు పోయే దారిలో మనవాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తారు. కారు పక్కకు ఆపి, ఎత్తు పడక తల పట్టుకుని రాయి మీద కూర్చుని ఉంటారు. ఎప్పుడొచ్చారని అడిగితే "ఈ పొద్దుగాలే దిగినం అన్నా" అంటారు. ఆ మాట వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఏ నెలలో?

మనాలి చుట్టుపక్కలే మంచు చూడాలంటే జనవరి, ఫిబ్రవరి. అప్పుడు దగ్గర్లోని సోలాంగ్ లోయ దాకా వెళ్తే చాలు, రోహ్‌తాంగ్ ఎలాగూ మూసి ఉంటుంది. మే, జూన్‌లలో మంచు పైన కనుమల్లోనే ఉంటుంది, కింద జనం ఉంటారు. జులై, ఆగస్టు వద్దే వద్దు. 2023 జులైలో బియాస్ నది పొంగి కులు, మనాలి మధ్య రోడ్డును చాలాచోట్ల కోసేసింది. చౌక ప్యాకేజీ అని వానాకాలంలో బుక్ చేసుకునేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదు.

నన్నడిగితే దసరా సెలవులే సరైనవి. మంచు పెద్దగా ఉండదు కానీ ఆకాశం తేటగా ఉంటుంది, కొండలు అంచులతో సహా కనిపిస్తాయి. పైగా మన దగ్గర విజయదశమితో పండుగ ముగుస్తుంటే కులులో ఆ రోజే మొదలవుతుంది, వారం రోజులు సాగుతుంది. మన భీముడి భార్య హిడింబి అక్కడ దేవత. ఆమె మనాలి నుంచి దిగివచ్చాకే ఆ ఉత్సవం. మనాలిలో దేవదారు చెట్ల నడుమ 1553లో కట్టిన ఆమె చెక్క గుడి ఉంది.

ప్రయాణం, సామాను

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీ. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ రోజు మరిచిపోవద్దు. ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి రాత్రి బస్సులో 12 నుంచి 14 గంటలు. కులు దగ్గరి భుంతర్‌కు విమానాలున్నాయి కానీ వాతావరణం బాగోలేకపోతే రద్దవుతాయి, నేను వాటిని లెక్కలోకి తీసుకోను.

లోపల థర్మల్స్, దాని మీద స్వెటర్, పైన గాలి చొరని జాకెట్. ఉన్ని సాక్సులు రెండు జతలు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. మంచులో వేసుకునే సూట్లు, బూట్లు కొనకండి. పైకి వెళ్లే రోడ్డు పక్కన నంబర్లు వేసిన షాపుల్లో అద్దెకిస్తారు. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి, మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకు కళ్లు మండిపోతాయి. మామిడికాయ తొక్కు సీసా ఒకటి.

గది మనాలి పక్కనున్న వశిష్ఠ్ ఊరి వైపు తీసుకోవాలి. మాల్ రోడ్డు మీద దిగేవాళ్లు మనాలికి పోయి ఆబిడ్స్‌లో ఉండి వచ్చినట్టే. ఒక్క జాగ్రత్త: చలి పెడుతుందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకోకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అసలు సంగతి: ఎత్తు

అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి.

మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. మనాలి 2,050 మీటర్లు. రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. మనాలి నుంచి అక్కడికి 51 కిలోమీటర్లే, కారు రెండు మూడు గంటల్లో ఎక్కిస్తుంది. కారు ఎక్కినంత తొందరగా ఒళ్లు ఎక్కలేదు. పైన కూడా గాలిలో ఆక్సిజన్ వాటా అదే 21 శాతం. కానీ గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో సుమారు 60 శాతమే, అందుకే ఒక్కో శ్వాసకు లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గిపోతుంది. మన్ననూరు నుంచి ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు జీపులో పోయినట్టు కాదు ఇది.

సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే ఈ ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి మెట్లెక్కినట్టు ఎక్కాలి. దిగిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. నిద్రపోండి, సాయంత్రం హిడింబ గుడి దాకా నడవండి. రెండో రోజు సోలాంగ్, అది 2,560 మీటర్లు. మూడో రోజు అటల్ టన్నెల్ దాటి సిస్సు, సుమారు 3,100 మీటర్లు. 9.02 కిలోమీటర్ల ఆ సొరంగం 2020 అక్టోబర్‌లో తెరిచారు. దాన్ని దాటడానికి పర్మిట్ అక్కర్లేదు, అవతల చంద్రా నది పక్కన కొండల రంగే వేరుగా ఉంటుంది. నాలుగో రోజు రోహ్‌తాంగ్. ప్రతి రాత్రీ మళ్లీ మనాలికి దిగే పడుకోవాలి. పగలు ఎత్తుకు పోయి రాత్రి కింద పడుకుంటే ఒళ్లు త్వరగా అలవాటు పడుతుంది.

ప్యాకేజీ వాళ్లు దీన్ని తిరగేస్తారు. ఒకసారి మేం ఒక ఏజెంట్ మాట విని, బస్సు దిగిన రోజే పైకి బయల్దేరాం. రాత్రంతా బస్సులో నిద్ర లేదు, పొద్దున కడుపు నిండా పులిహోర తిన్నాం. దారిలో మర్హీ అనే చోటు దాటగానే మా బావ వాంతి చేసుకున్నాడు. మలుపుల వల్లే అనుకుని పైకి తీసుకెళ్లాం. పైన కారు డోరు తీసి కాలు కింద పెట్టే ఓపిక కూడా లేకపోయింది ఆయనకు. మనాలికి దిగాక గంటలో మామూలు మనిషై "మంచు ఎట్లుండె?" అని మమ్మల్నే అడిగాడు.

మలుపుల వాంతికీ ఎత్తు వాంతికీ తేడా ఇట్లా తెలుస్తుంది. బండి ఆపి పావుగంట బయట నిలబడితే మలుపుల వికారం తగ్గుతుంది. ఎత్తుది తగ్గదు, తలనొప్పి వదలదు, తిండి మీద మనసు పోదు, కళ్లు తిరుగుతాయి. అలా ఉంటే అక్కడి నుంచి ఒక్క మీటరు కూడా పైకి వెళ్లొద్దు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తాగిన మనిషిలా అడుగులు తడబడుతున్నా, మాట తేడాగా ఉన్నా వెంటనే కిందికి, అట్నుంచి ఆసుపత్రికి. దారిలో అమ్మే ఆక్సిజన్ డబ్బా కాసేపు ఊరటనిస్తుంది, అంతే. దాన్ని నమ్ముకుని పైన ఉండిపోవద్దు. దీనికి మందు కిందికి దిగడమే.

చిన్న పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు, ఊరికే ఏడుస్తుంటారు. మారాం అనుకుని చాక్లెట్ చేతిలో పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి. ఎత్తు దెబ్బ తగలకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర పేరు ఎవరో ఒకరు చెబుతారు. అది కూడా డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు. మా అత్తమ్మను సిస్సు దాకే తీసుకెళ్లాను. మంచు ముట్టుకుంది, ఫొటో దిగింది, సంతోషంగా వచ్చింది.

రోహ్‌తాంగ్ రోజున ఐదింటికల్లా బయల్దేరాలి. మధ్యాహ్నానికి పైన మబ్బు, గాలి మొదలవుతాయి, సీజన్‌లో కార్ల వరుస కదలదు. ఒంట్లో బాగోలేని మనిషిని పెట్టుకుని ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కన్నా నరకం లేదు. పొద్దున అటుకుల ఉప్మా లాంటిది కొద్దిగా, నీళ్లు ఎక్కువగా. ముందు రోజు రాత్రి తాగుడు బంద్. పైన గంటన్నర చాలు. ఎత్తు దెబ్బ చాలామందికి కొన్ని గంటలు గడిచాకే తెలుస్తుంది, అది తెలిసేలోపే మనం కింద ఉండాలి. పరుగులు, మంచు ముద్దలు విసురుకోవడం సోలాంగ్‌లోనే కానిచ్చేయండి.

బండికి పర్మిట్ కావాలి, రోజుకు ఇన్నే బండ్లని పరిమితి ఉంది. డ్రైవర్ "హో జాయేగా" అన్నా ముందు రోజే ఫోన్లో చూపించమనండి. మంగళవారం మరమ్మతుల కోసం దారి మూస్తారు. నాలుగో రోజు మంగళవారం పడేట్టుంటే ప్రయాణమే ఒక రోజు అటో ఇటో జరపండి.

తిరుగు ప్రయాణంలో, మనాలి బస్సు ఢిల్లీ చేరే రోజునే రైలు పెట్టుకోకండి. కొండచరియ పడితే ఆ బస్సు ఏ గంటకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచండి. అంతా సవ్యంగా జరిగితే ఆ రోజు కరోల్ బాగ్‌లో బట్టలు కొనుక్కోవచ్చు.