నాలుగు సర్వర్లలో ఉన్న ఫైళ్లని షేర్ చేయడం, కీ మాత్రం మన దగ్గరే ఉంచుకోవడం

ఫైళ్లన్నీ ఒకే కంపెనీ సర్వర్‌లో కాకుండా నాలుగైదు చోట్ల ముక్కలుగానో కాపీలుగానో పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు అడిగేది డేటా పోదు కదా అని. ఆ పని సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బాగానే చేస్తున్నాయి. చిక్కు వచ్చేది షేర్ చేసేటప్పుడే. ఒకరికి చూడటానికి మాత్రమే ఇవ్వాలి, ఇంకొకరికి మార్చే వీలు కూడా ఉండాలి, మరొకరికి నెల రోజులు చాలు, ఆ డిస్కులు నడిపేవాళ్లకి మాత్రం అసలేమీ కనపడకూడదు. మామూలు క్లౌడ్‌లో అయితే కంపెనీ సర్వరే అడ్డం నిలబడి వీళ్లని రానిస్తుంది, వాళ్లని ఆపుతుంది. ఇక్కడ అలాంటి కాపలా లేదు, ఉన్నా దాన్ని నమ్ముకోవాల్సిన అవసరం రాకూడదు. కాబట్టి పర్మిషన్ అంటే కీ, అంటే ఫైలుని తెరిచే రహస్య కోడ్, అంతే. కీ ఎవరి దగ్గరుంటే ఫైలు వాళ్లకి తెరుచుకుంటుంది.

అందుకే మొదటి పని, ఫైలు మీ మెషీన్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చడం. "మా సర్వర్‌లో అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే ఉంటాయి" అని ఎవరైనా చెబితే, కీ ఎవరి దగ్గరుందో అడగండి. దీనికో తేలికైన పరీక్ష ఉంది: పాస్‌వర్డ్ మర్చిపోయానని చెప్పి ఈమెయిల్ లింక్‌తో మార్చుకున్నాక, మీ దగ్గర వేరే కీ ఏదీ లేకుండానే పాత ఫైళ్లన్నీ మళ్లీ కనపడ్డాయంటే, కీ వాళ్ల చేతిలోనే ఉందని దాదాపు ఖాయం. మామూలు స్టోరేజ్ మీదే ఈ పని చేసుకోవాలంటే క్రిప్టోమేటర్ అనే యాప్ గానీ, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌క్లోన్ టూల్‌లోని క్రిప్ట్ గానీ సరిపోతాయి. ఫైళ్లని ఎందరివో కంప్యూటర్ల మధ్య పంచే ఐపీఎఫ్ఎస్ నెట్‌వర్క్‌తో మాత్రం చాలా జాగ్రత్త. అందులో ఫైలు చిరునామా అంటే ఫైల్లో ఉన్నదాని నుంచి లెక్కగట్టిన హ్యాష్ అనే గుర్తింపు కోడే, చిరునామా తెలిసిన ఎవరైనా ఫైలు తెచ్చుకోవచ్చు, పైగా మీ నోడ్‌లో (ఆ నెట్‌వర్క్‌లో కలిసిన మీ కంప్యూటర్‌లో) పిన్, అంటే ఫైల్ని ఉంచేయమన్న గుర్తు, తీసేసినంత మాత్రాన వేరేవాళ్ల నోడ్లలో ఉన్న కాపీలు పోవు. ఎన్‌క్రిప్ట్ చేయకుండా అందులో పెట్టారంటే ఊరందరికీ ఇచ్చేసినట్టే.

ఇక టూల్ ఏది అనేది మీరు ఎవరితో ఎలా పంచుకుంటారో చూసి తేల్చుకోండి. మీ సొంత మెషీన్లు రెండు మూడు, అదనంగా అంతగా నమ్మకం లేని సర్వర్ ఒకటి ఉంటే మెషీన్ల మధ్య ఫోల్డర్లని ఒకేలా ఉంచే సింక్‌థింగ్ చాలు: ఫోల్డర్ షేర్ చేసేటప్పుడు ఆ సర్వర్ డివైస్‌కి మాత్రం ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెడితే, దానికి వెళ్లేవి చదవడానికి వీల్లేని ముక్కలే, ఫైళ్ల పేర్లు కూడా కనపడవు. పాత కాపీలని దాచిపెట్టే ఫైల్ వర్షనింగ్ కూడా ఆన్ చేయండి, లేదంటే అవతలివాళ్లు పొరపాటున డిలీట్ చేసింది మీ దగ్గర కూడా మాయమైపోతుంది. గడువు పెట్టి ఇవ్వాలంటే, ఫైళ్లని ముక్కలుగా ఎందరివో డిస్కుల్లో దాచే స్టోర్జ్ లాంటి సర్వీసులు నయం. అందులో యాక్సెస్ గ్రాంట్ (కీ, అనుమతులు కలిపి ఉన్న కోడ్) తయారు చేసేటప్పుడే ఏ ఫోల్డర్, చదవడమా రాయడమా, ఎప్పటివరకు అన్నది నిర్ణయించి ఆ కుదించిన గ్రాంట్‌నే ఇవ్వొచ్చు.

నాకు ఎక్కువ నచ్చేది, ఫైళ్లని ఎన్‌క్రిప్ట్ చేసి చాలా సర్వర్లకి పంచే టాహో-లాఫ్స్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతి. మొదట్లో సెటప్ కాస్త విసిగిస్తుంది, అది మాత్రం నిజం. కానీ అందులో మార్చగలిగే ప్రతి ఫైలుకీ, ఫోల్డర్‌కీ రాసే క్యాప్ అని పెద్ద కోడ్ ఒకటి ఉంటుంది, దాని నుంచి చదివే క్యాప్, చదివే క్యాప్ నుంచి ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి మాత్రమే పనికొచ్చే వెరిఫై క్యాప్ పుడతాయి, వెనక్కి మాత్రం వెళ్లలేం. అంటే స్టోరేజ్ బాగోగులు చూసేవాళ్లకి వెరిఫై క్యాప్ ఇచ్చేస్తే వాళ్లు పని చేసుకుంటారు, లోపలేముందో తెలియదు. మామూలుగా ప్రతి ఫైలూ 10 ముక్కలవుతుంది, ఏ 3 ముక్కలు దొరికినా ఫైలు తిరిగొస్తుంది, అందుకు మూడింతలకి పైగా స్థలం పడుతుంది. ఈ పది ముక్కలూ రెండే మెషీన్లలో పడితే లాభం లేదు కాబట్టి కనీసం 7 వేర్వేరు సర్వర్లకి చేరాలన్న షరతు కూడా డిఫాల్ట్‌గానే ఉంటుంది. మీ దగ్గర అన్ని సర్వర్లు లేకపోతే ఈ మూడు అంకెల్నీ ముందే మార్చుకోండి, లేకపోతే అప్‌లోడే అవ్వదు.

ఫోల్డర్లని టాపిక్‌ని బట్టి కాకుండా ఎవరెవరు చూడాలన్నదాన్ని బట్టి విడదీయండి. ఫోల్డర్ క్యాప్ ఇస్తే దాని కింద ఉన్నవన్నీ ఇచ్చినట్టే, అందుకని మొత్తం ఫైళ్లకి పైనున్న రూట్ క్యాప్ ఎవరికీ ఇవ్వకండి. కీ పంపడానికి, ఫైలు లింక్ పంపిన దారి కాకుండా వేరే దారి వాడండి. సిగ్నల్ మెసేజ్ యాప్‌లో పంపుతుంటే, అవతల ఉన్నది వాళ్లేనని తేల్చే సేఫ్టీ నంబర్ ఒకసారి ఎదురుగానో ఫోన్‌లోనో సరిచూసుకోండి. క్యాప్ బ్రౌజర్ అడ్రస్ బార్‌లో కనపడితే హిస్టరీలో కూడా ఉండిపోతుందని గుర్తుంచుకోండి, వేరేవాళ్ల కంప్యూటర్‌లో తెరవకండి.

ఇచ్చిన యాక్సెస్ వెనక్కి తీసుకోవడం దగ్గరే చాలామంది మోసపోతారు. ఒకసారి చదివినవాళ్ల దగ్గర కాపీ ఉండొచ్చు, దాన్ని ఏ టూల్ కూడా లాక్కురాలేదు. మన చేతిలో ఉన్నదల్లా ఇకమీదట రాసేవి వాళ్లకి అందకుండా చేయడమే: కొత్త కీతో కొత్త ఫోల్డర్ తెరిచి, ఇప్పటి ఫైళ్లని అందులోకి మార్చి, ఉండాల్సినవాళ్లకి కొత్త కీ పంచి, పాత ఫోల్డర్‌ని వాడకం నుంచి తీసేయడం. స్టోర్జ్‌లో గ్రాంట్ రద్దు చేయొచ్చు, అయినా వాళ్లు అప్పటికే దించుకున్నది వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎవరికి ఏ కీ ఇచ్చారో చిన్న జాబితా రాసిపెట్టుకోకపోతే ఈ మార్పిడి రోజు టెన్షన్ తప్పదు.

మీ కీ పోతే మీ పరిస్థితి కూడా బయటివాళ్లదే, రీసెట్ బటన్ ఉండదు. టాహోలో రూట్ క్యాప్‌కి ఎలియాస్ (పొట్టి పేరు) పెట్టుకుంటే ఆ క్యాప్ ప్రైవేట్ ఫోల్డర్‌లోని ఎలియాసెస్ అనే ఫైల్లో ఉంటుంది, ఆ క్యాప్‌ని కాగితం మీదో పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో దాచండి. ఒక్కరి మీదే ఆధారపడకూడదనుకుంటే 1979లో అడి షమీర్ చెప్పిన పద్ధతి ఉంది: కీని 5 భాగాలు చేసి ఐదుగురికిస్తే ఏ ముగ్గురు కలిసినా కీ తయారవుతుంది, ఇద్దరి వల్ల కాదు.

అసలు ఫైళ్లు ఎక్కించే ముందు పనికిరాని ఫైలు ఒకటి పెట్టి చూడండి. చదివే కీ మాత్రమే ఉన్న వేరే మెషీన్ నుంచి ఆ ఫైల్ని మార్చబోతే ఎర్రర్ రావాలి. తర్వాత ఒక సర్వర్ డిస్క్ తెరిచి ఫైలు పేరు కోసమూ, లోపలి మాట ఒకదాని కోసమూ వెతకండి, రెండూ దొరక్కూడదు. సైజు, మార్చిన సమయం మాత్రం చాలా టూల్స్‌లో బయటికి తెలుస్తూనే ఉంటాయి, ఒక్కో ఫైలుకి సంబంధించి అవి కూడా రహస్యమే అయితే ఫైళ్లన్నీ కలిపి ఒకే పెద్ద ఆర్కైవ్‌గా చేసి ఎక్కించండి.