కోనసీమలో మెడికల్ షాపు: లైసెన్సుకు దరఖాస్తు ఎలా చేసుకోవాలి

అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు మెడికల్ షాపు పెడదామనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఫీజు ఎంతండీ?" అనే. ఫీజు చిన్న విషయం. మామూలు మందులకిచ్చే ఫారం 20 లైసెన్సుకు 1,500, ఇన్సులిన్, టీకాల్లాంటివాటికిచ్చే ఫారం 21 లైసెన్సుకు 1,500, మొత్తం 3,000 రూపాయలు. చిల్లరగా మందులు అమ్మడానికి ఈ రెండూ కావాలి. చిక్కంతా గది దగ్గర, ఫార్మసిస్టు దగ్గర వస్తుంది. ఆ రెండూ కుదరకుండా కాగితాలు మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ముందు గది. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి, అంటే దాదాపు 108 చదరపు అడుగులు. హోల్‌సేల్ కూడా అక్కడే చేస్తామంటే 15 చదరపు మీటర్లు. ఓనరు చెప్పిన కొలత నమ్మకుండా టేపు పెట్టి మీరే కొలుచుకోండి. నియమాల్లో లేని ఇంకో కొలత కూడా మన ప్రాంతంలో చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోది దాటినప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చుట్టుపక్కల పెద్దవాళ్లను అడగండి. ఏటిగట్టు లోపల, పల్లంలో అద్దె తక్కువని తీసుకుంటే ఒక్క వరదకు స్టాకంతా బురదపాలు. మెరక మీద చిన్న గదే మేలు.

వరద రాని ఊళ్లో కూడా చెమ్మ వదలదు. వానాకాలంలో గోడలు చెమరుస్తాయి, చిరిగిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు గడ్డకట్టుకుపోతుంది, గోడకు ఆనించిన అట్టపెట్టె వారానికే మెత్తబడుతుంది. అందుకని ర్యాకులు గోడకు కాస్త ఎడంగా పెట్టించండి. పెట్టెలేవీ నేల మీద దించకండి. ఎండ నేరుగా పడే వైపు మందులు సర్దకండి.

ఫ్రిజ్ తప్పనిసరి అనుకోండి. ఇన్సులిన్, టీటీ (ధనుర్వాతం) ఇంజెక్షను లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించిన ఇన్సులిన్ పనికిరాదు. మళ్లీ కరిగాక చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, అదే ప్రమాదం. లోపల ఒక థర్మామీటరు పెట్టి, పొద్దున, సాయంత్రం రాసుకోండి. తుఫాను వచ్చిందంటే మనకు కరెంటు రోజుల తరబడి పోతుంది కాబట్టి ఇన్వర్టరు కూడా లెక్కలో వేసుకోండి. ఫ్రిజ్ కొన్న బిల్లు పారేయకండి, దరఖాస్తులో అడుగుతారు.

ఇక ఫార్మసిస్టు. డి.ఫార్మసీ గానీ బి.ఫార్మసీ గానీ చదివి, రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదైనవాళ్లే ఉండాలి. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది వాళ్లో, వాళ్ల కళ్లెదుట ఇంకొకరో. ఔషధ నియమాలు చెప్పేదీ ఇదే. సర్టిఫికెట్టు గోడ మీద, మనిషి హైదరాబాదులో: ఈ పద్ధతి మన దగ్గర ఉందని అందరికీ తెలుసు. నెలకు కొంత ఇచ్చి సర్టిఫికెట్టు అద్దెకు తెచ్చుకోవడమంటే, 5 మి.గ్రా. బదులు 50 మి.గ్రా. మాత్ర చేతికిచ్చే రోజు కోసం ఎదురుచూడటమే. జీతం ఇవ్వలేకపోతే ఆ చదువు చదివినవాళ్లనే భాగస్వామిగా చేర్చుకోండి.

ఈ రెండూ కుదిరాక ఫారం 19, అంటే లైసెన్సు దరఖాస్తు. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. దాంతోపాటు షాపు ప్లాను, అద్దె ఒప్పందం లేదా సొంత గది కాగితాలు, భాగస్వాములుంటే ఆ ఒప్పందపత్రం, ఫార్మసిస్టు చదువు సర్టిఫికెట్లు, కౌన్సిల్ నమోదు పత్రం, యజమాని, ఫార్మసిస్టు ఇద్దరి అఫిడవిట్లు, ఫీజు చలానా జతచేయాలి. షెడ్యూల్ ఎక్స్ మందులకు (గట్టి నిఘా ఉండే కొన్ని మత్తు మందుల జాబితా) దరఖాస్తు వేరు, చిన్న షాపుకు దాని జోలి అక్కర్లేదు.

అన్ని కాగితాల్లో పేరు, డోర్ నంబరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. మా షాపుకు ప్లానులో కొత్త డోర్ నంబరు, అద్దె ఒప్పందంలో పాతది పడింది. దరఖాస్తు తిరిగొచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉన్నవాళ్లకూ ఇదే తంటా.

తర్వాత డ్రగ్ ఇన్‌స్పెక్టరు వస్తారు. గది కొలుస్తారు, ఫ్రిజ్ చూస్తారు, ఫార్మసిస్టుతో మాట్లాడతారు. ఆ రోజు ఫార్మసిస్టు షాపులోనే ఉండాలి. లైసెన్సు చేతికి రాకముందే ముహూర్తం బాగుందని అమ్మకం మొదలుపెట్టకండి. లైసెన్సు లేకుండా అమ్మితే కనీసం మూడేళ్ల జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా.

లైసెన్సు వచ్చాక దాన్ని అందరికీ కనపడేలా గోడకు తగిలించండి. డేటు అయిపోయిన మందులకు వేరే పెట్టె పెట్టి, అమ్మకానికి కాదని రాయండి. ట్రమడాల్, ఆల్ప్రజోలమ్, సెఫిక్సిమ్ లాంటి హెచ్1 మందులకు (చీటీ మీదే అమ్మాల్సిన, లెక్క రాయాల్సిన మందుల జాబితా) 2014 మార్చి నుంచి ప్రత్యేక రిజిస్టరు ఉండాలి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నవి రాసి మూడేళ్లు దాచాలి. పక్కింటి మామ్మగారు "నిద్ర మాత్ర ఒక్కటివ్వు బాబూ" అని అడిగినా చీటీ లేకుండా ఇవ్వకండి. మొహమాటపడితే రేపు మందు పడక ఆవిడకే ఏమైనా కావచ్చు.

ఫార్మసిస్టు మారితే నెల లోపల శాఖకు తెలియజేయాలి. భాగస్వాములు మారితే పాత లైసెన్సు మూడు నెలలే చెల్లుతుంది, ఈలోగా కొత్తది తీసుకోవాలి. 2017 నుంచి రెన్యువల్ అంటూ లేదు, అయిదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు, అంటే లైసెన్సు నిలుపుకునే ఫీజు కడితే చాలు. గడువు దాటితే నెలకు 2 శాతం అదనం, ఆరు నెలలు కూడా దాటితే లైసెన్సు రద్దయినట్టే. ఆ తేదీని లైసెన్సు పక్కనే పెద్ద అక్షరాలతో రాసి అంటించుకోండి.