మెటల్ సమీక్ష రాద్దాం – 4వ పాఠం: ఆ గొంతు ఎవరిది?

ఈ వారం రిఫ్‌ల (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరసల) సంగతి మొదలుపెట్టాలి. మీరు పంపిన సమీక్షలు చదివాక దాన్ని పక్కన పెట్టాను.

అమెరికా మెటల్ బ్యాండ్ స్ట్రెయిట్ లైన్ స్టిచ్ 2008 ఆల్బమ్ ‘వెన్ స్కైస్ వాష్ యాషోర్’ వినమన్నాను కదా. గర్జించేది ఎవరో మగ గాయకుడని, మెత్తగా పాడేది మాత్రమే ఆ బ్యాండ్ నల్లజాతి గాయని అలెక్సిస్ బ్రౌన్ అని ఎక్కువమంది రాశారు. గర్జనా ఆమెదే, పాటా ఆమెదే. గ్రౌల్‌లో, అంటే ఆ గర్జనలో, స్వరతంత్రుల పైనుండే మడతలు కూడా అదురుతాయి, అందుకే ఆడ, మగ తేడా చెవికి దొరకదు. ఇది రెండో పాఠంలోనే అయిపోయింది, మళ్లీ చెప్పను.

నాకు నిజంగా కష్టం కలిగించింది వేరే. ఆమె మెత్తగా పాడిన చోట ‘చర్చి గాయనిలా’ అన్నారు. ‘నల్లజాతి గొంతుకు పుట్టుకతో వచ్చే సోల్’ (భావావేశంతో పాడే తీరు) అన్నారు. అరిచిన చోట ‘కాళికలా’ అన్నారు. ఆ మెటల్‌కోర్ (మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిసిన శైలి) పాటల్లో చర్చి ఎక్కడ వినిపించింది? ఇవి ఫోటో చూసి రాసిన మాటలు. పుట్టుకతో వచ్చిందని రాసిన క్షణంలో ఆమె సాధననంతా కొట్టిపారేసినట్టే. కాళిక అనగానే కోపం మిగులుతుంది, గాయని మాయమవుతుంది. అనుమానం వస్తే అదే వాక్యంలో మెటల్ బ్యాండ్ ఆర్చ్ ఎనిమీలో పాడిన ఏంజెలా గాసో పేరు పెట్టి చదవండి. జర్మనీకి చెందిన ఆ తెల్ల గాయనికి అతకకపోతే వాక్యం కొట్టేయండి. నేనైతే గాయని ఫోటో చూడకుండానే మొదటి డ్రాఫ్ట్ పూర్తి చేస్తాను.

‘అయితే రంగు ఊసే ఎత్తకూడదా?’ అని కొందరు అడిగారు. ఎత్తాలి, గాయనే ఎత్తిన చోట. లండన్ బ్యాండ్ స్కంక్ అనాన్సీ 1995 తొలి ఆల్బమ్‌లో ‘ఇంటలెక్చువలైజ్ మై బ్లాక్‌నెస్’ అనే పాటే ఉంది. దాన్ని పాడిన నల్లజాతి గాయని స్కిన్ గురించి రాస్తూ జాతి మాట దాటేస్తే పాటనే దాటేసినట్టు. మెటల్ వినే నల్లజాతి స్త్రీల అనుభవాల మీద లైనా డాస్ 2012లో రాసిన పుస్తకానికి పేరే ‘నువ్విక్కడ ఏం చేస్తున్నావ్?’ అన్న ప్రశ్న. వాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లు కారు. రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ 1971లో మోగించిన ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ను నల్లజాతి బ్లూస్ గాయని, గిటారిస్ట్ మెంఫిస్ మిన్నీ, ఆమె భర్త కాన్సాస్ జో మెకాయ్ 1929లోనే రికార్డు చేశారు. హెవీ గిటార్ చరిత్ర రాసేటప్పుడు మిన్నీ పేరుతో మొదలుపెట్టడం నాకిష్టం.

అభ్యాసం: హ్యూస్టన్ బ్యాండ్ ఓషన్స్ ఆఫ్ స్లంబర్ 2016 ఆల్బమ్ ‘వింటర్’లో ‘నైట్స్ ఇన్ వైట్ సాటిన్’ వినండి. మూడీ బ్లూస్ 1967 పాట పక్కన పెట్టుకుని మూడుసార్లు. ఓషన్స్ ఆఫ్ స్లంబర్ గాయని కామీ గిల్బర్ట్ ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఏ మాటను సాగదీసింది, డ్రమ్స్ బరువెక్కినప్పుడు ఎలా నిలబడింది, ఇవి రాయండి. 200 పదాలు. గొంతుకు ఒక్క విశేషణం కూడా వాడొద్దు. గ్రౌల్ వినిపిస్తే ఎవరిదో ఊహించొద్దు, ఆల్బమ్ క్రెడిట్స్ చూసి పేరు రాయండి.