పచ్చడి సీసాకి లేబుల్: కొలత నుంచి ప్రూఫ్ దాకా

విజయవాడ, గుంటూరుల్లో ఇంటి దగ్గర పచ్చళ్లు, కారప్పొళ్లు చేసి అమ్మేవాళ్లు లేబుల్ అనగానే ముందు మంచి మిరపకాయ బొమ్మ కోసం వెతుకుతారు. బొమ్మ పెద్దగా పెట్టి, దాని మీద పేరు వేసి, మిగిలిన మూలలో పదార్థాలూ తేదీలూ కుక్కుతారు. దీన్ని తిరగేసి చేయాలి. ముందు సీసా కొలవండి, తర్వాత రాయాల్సిన మాటలన్నీ రాసుకోండి. బొమ్మ సంగతి ఆఖర్న.

సీసా చుట్టూ కాగితం పట్టీ చుట్టి గుర్తు పెట్టుకుంటే చుట్టుకొలత వస్తుంది. 70 మి.మీ. వ్యాసం ఉన్న సీసాకి అది సుమారు 220 మి.మీ. ఎదురుగా నిలబడ్డ మనిషికి అందులో మూడో వంతే, అంటే 73 మి.మీ. మేర, సరిగ్గా కనబడుతుంది. కాబట్టి పచ్చడి పేరు 65 మి.మీ. వెడల్పులో ఇమడాలి. అంతకు మించితే షెల్ఫులో ‘గోంగూర’ కాస్తా ‘గోంగూ’ దగ్గర ఆగిపోతుంది. సీసా కిందికి సన్నబడే రకమైతే తిన్నటి స్టిక్కర్ ముడతలు పడుతుంది. నిలువు గోడలున్న సీసా ఎంచుకోవడమే తేలిక.

ముందు వైపు నాలుగు విషయాలు చాలు: బ్రాండ్, పచ్చడి అసలు పేరు, నికర బరువు, శాకాహార గుర్తు. బ్రాండ్ పేరు ఎంత ముద్దుగా ఉన్నా అది పదార్థం పేరు కాదు. ‘మామిడికాయ ఆవకాయ’ అని విడిగా ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ గీతల చదరంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు గీతల చదరంలో అదే రంగు త్రిభుజం. ముందు భాగం 100 చదరపు సెం.మీ. లోపు ఉంటే చుక్క వ్యాసం కనీసం 3 మి.మీ., చదరం భుజం దానికి రెట్టింపు. రొయ్యల పచ్చడి, చికెన్ పచ్చడి కూడా అమ్మేవాళ్లు పాత ఫైలు మీదే పేరు మార్చి ఆకుపచ్చ చుక్క అలాగే వదిలేస్తుంటారు. దీనికి మించిన తప్పు లేదు.

వెనక వైపు ఓపిగ్గా చేయాల్సిన పని. తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనం. తెలుగు ఒక్కటే వేస్తే చట్టం ఒప్పుకోదు. పదార్థాలను తయారీలో వేసిన బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. సోడియం బెంజోయేట్ వేస్తే ‘ప్రిజర్వేటివ్ (ఐఎన్ఎస్ 211)’ అని పడాల్సిందే. అది వేసి ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అని రాయకూడదు.

చాలామంది మరిచిపోయేది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడి ఎక్కువగా మైదా లేదా ఇతర పిండి కలిపిందే. డబ్బా వెనక చదవండి. మైదా ఉంటే మీ ఆవకాయలోనూ గోధుమ ఉన్నట్టే, అలర్జీ వరుసలో చెప్పాలి. వేరుశనగ, రొయ్యలు, చేపలు, పాలు, సోయా కూడా ఆ జాబితాలోనివే. తినేవాళ్లలో ఒక్కరికి పడకపోయినా ఆ వరుస వాళ్ల ప్రాణానికి సంబంధించింది.

పోషక విలువలు 100 గ్రాములకు ఇవ్వాలి, వడ్డనకు రోజు అవసరంలో ఎంత శాతమో కూడా చెప్పాలి. పచ్చడికి ఉప్పే అసలు లెక్క. 100 గ్రాముల్లో 12 గ్రాముల ఉప్పు ఉంటే సోడియం సుమారు 4,700 మి.గ్రా. 15 గ్రాముల వడ్డనలో 700 దాకా వస్తుంది, రోజుకి 2,000 లెక్కన అది 35 శాతం. ఆ అంకె చూసి భయపడి దాన్ని చిన్న అక్షరాల్లో వేయకండి. బీపీ ఉన్నవాళ్లు వెతికేది దాన్నే.

ఇవి కాక 14 అంకెల లైసెన్సు నంబరుతో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) గుర్తు, పిన్‌కోడ్‌తో పూర్తి చిరునామా, ఫిర్యాదులకు ఫోను, ఈమెయిలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. ‘ఆరు నెలల లోపు వాడితే మేలు’ అన్న మాట గడువు తేదీకి బదులు కాదు. అన్ని పన్నులతో కలిపిన ఎంఆర్‌పీ పక్కన యూనిట్ ధర: 250 గ్రాములు 120 రూపాయలైతే గ్రాముకు 0.48. గ్రాముకి ఇంగ్లిష్‌లో చిన్న ‘జి’ ఒక్కటే గుర్తు, ‘జీఎంఎస్’ అని వేయకూడదు. పావు కిలో, అర కిలో సీసాల మీద బరువు అంకె ఎత్తు 4 మి.మీ.కి తగ్గనివ్వకండి.

కారం ప్యాకెట్టయితే ఇంకో మాట. ‘గుంటూరు సన్నం’ భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు. తేజ అనే వేరే రకం మిరపకాయ పట్టించి సన్నం అని వేయకండి. మన గుంటూరు మిర్చి యార్డు పేరు నిలబడాలంటే లేబుల్ మీద మాట నిజమై ఉండాలి.

తెలుగు అక్షరాలకి ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి గనక ఇంగ్లిష్‌కి సరిపోయిన వరుసల మధ్య జాగా తెలుగుకి చాలదు, పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 8 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల వరుస ఇవ్వండి. ముదురు ఎరుపు మీద తెల్లటి సన్న అక్షరాలు వేస్తే ఇంకు పాకి సున్నాలూ ఒత్తులూ పూడిపోతాయి, కాస్త లావు ఫాంటు వాడండి. ఫోన్లో టైపు చేసింది యూనికోడ్, డీటీపీ వాళ్లు చాలాచోట్ల ‘అను’ అనే, యూనికోడ్ కాని ఫాంట్లలో చేస్తారు. అటూ ఇటూ మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. ప్రెస్సుకి పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి (ఫాంటు అవసరం లేని బొమ్మ గీతల్లోకి) మార్పించి, అప్పుడు మళ్లీ ఒక్కో మాటా చదవండి.

బార్‌కోడ్ గీతలు నలుపే. షాపులో స్కానర్ ఎర్ర కాంతితో చదువుతుంది, ఎర్ర గీతలు దానికి తెలుపులానే కనబడతాయి. పూర్తి కొలత 37.29 × 25.93 మి.మీ., అందులో 80 శాతం కొలతకు తగ్గకుండా చిన్నది చేయవచ్చు. రెండు పక్కలా ఖాళీ వదలాలి. సన్న సీసా మీద గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండేలా తిప్పి వేయండి, ఒంపు వల్ల చదవలేకపోవడం తప్పుతుంది.

పచ్చడికి కాగితం స్టిక్కర్ వద్దు. మూత పక్క నుంచి నూనె చెమర్చితే కాగితం పీల్చుకుని మసకబారుతుంది, అంచులు లేస్తాయి. ప్లాస్టిక్ స్టిక్కర్, దాని మీద ల్యామినేషన్ తీసుకోండి. కత్తిరింపు కోసం చుట్టూ 3 మి.మీ. రంగు అదనంగా, లోపల 3 మి.మీ. మాటల్లేకుండా వదలండి. తేదీ ముద్ర వేసే చోట మాత్రం ల్యామినేషన్ లేకుండా అడగండి, లేకపోతే మామూలు స్టాంపు ఇంకు వేలు తగిలితే పోతుంది. పొడిగా ఉన్న ఖాళీ సీసాకి ముందే అంటించి, పచ్చడి నింపాక తేదీ వేయడం మంచిది.

ఆర్డరుకు ముందు అసలు కొలతలో ఒక ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీయించి, నిండు సీసాకి అంటించండి. నూనె చేత్తో పట్టుకోండి, రెండు రోజులు ఎండలో, రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల చేత కళ్లజోడు లేకుండా గడువు తేదీ చదివించండి. వాళ్లు వెతుక్కుంటే ఆ అంకె పెంచండి. మొదటిసారి 500 డిజిటల్ ప్రింట్లు చాలు. పదార్థమో ధరో మారితే పాత లేబుళ్లు మిగిలి నష్టపోరు.