గిట్‌హబ్‌లో పుష్ కొడితే 403 వస్తోందా? యాక్సెస్ అడిగే ముందు ఇవి చూడండి

ఆదివారాలు మాదాపూర్‌లో మేం కొందరం కూర్చుని, గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టుకుని కలిసి పనిచేసే సైట్) ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు చూసుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, నాకు యాక్సెస్ ఇవ్వరా?" నిజానికి చాలామందికి దాంతో పని లేదు.

సమస్య: పుష్ చేస్తే (మన కోడ్ గిట్‌హబ్‌కి పంపితే) 403, అంటే అనుమతి లేదనే ఎర్రర్; "డినైడ్ టు" అని చివర ఎవరిదో పేరు.

ముందు ఆ పేరు చదవండి. మీ పేరే ఉంటే, ఫోర్క్ (మీ ఖాతాలో సొంత కాపీ) చేసుకోకుండా అసలు రిపాజిటరీనే (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) మీ కంప్యూటర్‌లోకి క్లోన్ చేసుకుని ఉంటారు. కంగారుపడి ఫోల్డర్ డిలీట్ చేయకండి, మీ కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) అందులోనే భద్రంగా ఉన్నాయి. గిట్‌హబ్‌లో ఫోర్క్ నొక్కండి. టెర్మినల్‌లో "గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ ఆరిజిన్" పక్కన మీ ఫోర్క్ అడ్రస్ ఇచ్చి పుష్ చేయండి, ఆ తర్వాత పుల్ రిక్వెస్ట్ (మీ మార్పులు కలుపుకోమని అడగడం) పెట్టండి. సొంత ఫోర్క్‌కే 403 వస్తే టోకెన్ (పాస్‌వర్డ్ బదులు ఇచ్చే కోడ్) చూడండి. ఫైన్-గ్రెయిన్డ్ టోకెన్ (ఏ పనికి ఎంత అనుమతో విడిగా ఎంచుకునేది) అయితే కంటెంట్స్ దగ్గర రీడ్ అండ్ రైట్ ఉండాలి.

వేరే పేరు ఉంటే కథ వేరు. మొన్న ఒక తమ్ముడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ర్యామ్ పెంచుకుని ల్యాప్‌టాప్ తెచ్చాడు. మూడు టోకెన్లు మార్చాడు, చాయ్ చల్లారిపోయింది, ఎర్రర్ మాత్రం కదల్లేదు. "పేరు చదువు" అంటే అప్పుడు చూశాడు: "అరె, ఇది మా అన్నది!" వాళ్ల అన్న వాడేసి ఇచ్చిన ల్యాప్‌టాప్ మరి. విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో (లాగిన్లు దాచే చోటు) పాత గిట్‌హబ్ ఎంట్రీ తీసేస్తే పుష్ చేసినప్పుడు మళ్లీ లాగిన్ అడిగింది.

సమస్య: పాస్‌వర్డ్ కరెక్టే, అయినా తీసుకోదు.

2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ పుష్‌కి ఖాతా పాస్‌వర్డ్ చెల్లదు. ఆ చోట టోకెన్ ఇవ్వాలి, లేదా ఎస్ఎస్‌హెచ్ కీ (మీ కంప్యూటర్‌ని గుర్తుపట్టే తాళంచెవి లాంటి ఫైల్) పెట్టుకోవాలి.

సమస్య: కొలాబొరేటర్ ఇన్విటేషన్ (ప్రాజెక్టులో యాక్సెస్ ఇస్తూ పంపే ఆహ్వానం) తెరుచుకోదు.

ఏడు రోజులు దాటి ఉంటుంది. మళ్లీ పంపమనండి.

సమస్య (ఇది మెయింటెయినర్లకు, అంటే ప్రాజెక్టు నడిపేవాళ్లకు): పుల్ రిక్వెస్టులు గుట్టపడ్డాయి, చూసేవాళ్లు లేరు.

లేబుళ్లు పెట్టడం, డూప్లికేట్లు మూయడం కూడా మీరే చేస్తుంటే గుట్ట తరగదు. అలాగని విసుగొచ్చి రైట్ యాక్సెస్ (కోడ్ మార్చే హక్కు) పంచకండి. ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో (లినక్స్‌లో ఫైళ్లు కుదించే టూల్) జరిగింది చూశాం కదా. ఒక ఖాతా రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు పంపింది. అలసిపోయిన మెయింటెయినర్‌ని వేరే ఖాతాలు తొందరపెట్టాయి. ఆ ఖాతాకు పెత్తనం దక్కింది, 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి తెరిచే కోడ్) చేరింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ దాన్ని పట్టుకున్నారు. ఎలాగంటారా? ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లడం) అర సెకను ఆలస్యమవుతోందని అనుమానమొచ్చి!

ప్రాజెక్టు గిట్‌హబ్ ఆర్గనైజేషన్ (బృందం పేరిట ఉండే ఖాతా) కింద ఉంటే సాయం చేసేవాళ్లకు ట్రయేజ్ రోల్ ఇవ్వండి. కోడ్ జోలికి పోకుండా ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు సర్దుతారు. మెయిన్ బ్రాంచ్‌కి (ప్రాజెక్టు అసలు కోడ్ ఉండే శాఖ) ప్రొటెక్షన్ పెట్టి, కనీసం ఒక అప్రూవల్ తప్పనిసరి చేయండి. అక్కడే కింద, అడ్మిన్లు కూడా దాన్ని దాటకుండా ఆపే టిక్కు ఒకటుంటుంది. మా దాంట్లో అది పెట్టాం, ఇప్పుడు నేను నేరుగా పుష్ చేసినా నాకూ ఎర్రరే.