గాలివాన తగ్గాక రేకుల మీదికి ఎక్కే ముందు

అక్టోబరు వచ్చిందంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అందరి చెవులూ వాతావరణ శాఖ హెచ్చరికల మీదే ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దెబ్బకి విశాఖ ఎయిర్‌పోర్టు టెర్మినల్ పైకప్పే చెదిరిపోయింది. ఇక వసారా రేకులు ఎంత? తుఫాను రాకముందు ఏం చేయాలో అందరూ చెబుతారు. అది వెళ్లిపోయాక బాగుచేసుకునే తొందరలో కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకునేవాళ్ల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ముందు గాలి నిజంగా ఆగిందో లేదో తేల్చుకోండి. తుఫాను కన్ను మన ఊరి మీదుగా వెళ్తే కాసేపు ఆకు కూడా కదలదు. ఆ తర్వాత అంతే జోరుగా ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. తీరం దాటేసిందని, ముప్పు తప్పిందని అధికారులు చెప్పేదాకా నిచ్చెన ముట్టుకోవద్దు.

తర్వాత కరెంటు. వీధంతా చీకటిగా ఉన్నా సరే, మెయిన్ ఆపాకే పని. తెగిన సర్వీసు వైరు ఇనుప రేకు మీద పడి ఉంటే, సరఫరా వచ్చిన క్షణంలో షెడ్డు మొత్తం షాక్ కొడుతుంది. అలాంటిది కనిపిస్తే కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి దూరంగా ఉండండి. షాపుల వాళ్లకి ఇంకో మాట: చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటునీ జనరేటర్ కరెంటునీ కలవకుండా విడదీసేది) లేకుండా జనరేటర్‌ని వైరింగుకి కలిపితే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోతుంది. అప్పుడు స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణాలకే ముప్పు.

సిమెంటు రేకు చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ మనిషి బరువు ఆపదు. పాతబడి, వానకి నానిన రేకైతే చెప్పే పనే లేదు. హుక్కుల వరస ఎక్కడుందో చూడండి, దాని కిందే పైపు ఉంటుంది. రెండు మూడు పైపుల మీద ఆనేలా మందపాటి చెక్క పరిచి, దాని మీదే నడవాలి. నడుముకి కట్టుకున్న తాడు రేకుకి కాదు, దూలానికి కట్టాలి. ఒంటరిగా ఎక్కొద్దు. ఆస్‌బెస్టాస్ రేకుని గ్రైండర్‌తో కోయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తప్పనిసరైతే నీళ్లు చల్లుతూ చేతి రంపంతో కోయాలి.

వెంటనే రిపేరు కుదరకపోతే టార్పాలిన్ కప్పుతాం. దాన్ని కొప్పు (రెండు వాలులూ కలిసే పైఅంచు) దాటించి అవతలి వైపు కట్టాలి. కన్నం మీద మాత్రమే కప్పితే పైనుంచి జారే నీళ్లు దాని కిందికే దూరతాయి. రేకులు లేవకుండా రాళ్లు పెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. పెనుగాలిలో ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

అసలు రిపేరు దగ్గర మేస్త్రితో కాస్త పేచీ పెట్టుకోండి, తప్పులేదు. గాలి కప్పుని కిందికి నొక్కడం కంటే పైకి లాగడమే ఎక్కువ. ఆ లాగుడు చూరు దగ్గర, మూలల్లో, కొప్పు దగ్గర మరీ గట్టిగా ఉంటుంది. అందుకే ఎగిరిన రేకుని పాత కన్నాల్లోనే బిగించేస్తే వచ్చే తుఫానుకి మళ్లీ ఎగురుతుంది. అంచుల్లో హుక్కులు దగ్గర దగ్గరగా పడాలి, వాషర్లు కొత్తవి వేయాలి, స్క్రూ రేకు మిట్ట మీద దిగాలి. మేకులతో సరిపెట్టనివ్వొద్దు. రేకుని పట్టుకున్న పైపు ఇటుకల సందులో ఊరికే కూర్చుని ఉంటే పైన ఎన్ని హుక్కులు కొట్టినా దండగే, దాన్ని కాంక్రీటులో బిగించాలి.

షాపులకీ గోడౌన్లకీ షట్టరే ముఖ్యం. అది వంగి ఊడిందంటే లోపలికి దూరిన గాలి కప్పుని కింద నుంచి తోస్తుంది. వంగిన పట్టాల్ని సుత్తితో సరిచేసి వాడేకంటే మార్చేయడం మేలు. ఫ్లెక్సీ ఫ్రేము వెల్డింగ్ పాయింట్లు కూడా చూపించండి.

స్లాబు ఇళ్లలో పిట్టగోడ పగుళ్లు, కిటికీ అద్దాలు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఏదీ కదపకముందే ఫోటోలు తీసుకోండి. 2021 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో తుఫాను నష్టం కూడా ఉంది. పాలసీ ఉన్నవాళ్లు ముందు కంపెనీకి కబురు పెట్టి, ఆ తర్వాతే శిథిలాలు తీయించాలి. వాన లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పడానికి మాత్రం ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, దాని బిల్లు దాచుకోండి.

పనయ్యాక మిగిలిన రేకు ముక్కల్ని మేడ మీదే వదిలేయొద్దు. నవంబరులో ఇంకో వాయుగుండం వస్తే ముందు లేచేవి అవే.