మన బండి మనమే చూసుకుందాం – 4వ పాఠం: కూలెంట్ పోయడం, ఎయిర్ తీయడం

పోయిన పాఠంలో డిప్ స్టిక్ తీసి ఇంజిన్ ఆయిల్ చూడటం నేర్చుకున్నాం. ఆ డిప్ స్టిక్ ఈ పాఠం చివర్లో మళ్లీ కావాలి, కాబట్టి అది ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. ఇవాళ కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. మూత తీసి పోసేయడమేగా, దీనికో పాఠం కూడానా అనిపించొచ్చు. పోయడం నిజంగా చిన్న పనే, ఐదు నిమిషాలు పట్టదు. లోపల చిక్కుకున్న గాలిని బయటికి పంపడమే అసలు పని, చాలామంది వదిలేసేది కూడా అదే. పక్కన ప్లాస్టిక్ ట్యాంకు నిండుగా కనబడుతుంది, అంతా బాగుందనుకుంటాం, మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని విజయవాడ దాటేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది.

ఈ పాఠానికి రేడియేటర్ మీదే ఒక మూత, పక్కన విడిగా చిన్న రిజర్వ్ ట్యాంకు ఉండే బండిని తీసుకుంటున్నాను. పాత ఆల్టో, వ్యాగనార్ లాంటివి ఈ రకమే. పోలో లాంటి బళ్లలో రేడియేటర్ మీద మూత ఉండదు, ట్యాంకుకే ప్రెషర్ మూత ఉంటుంది. వాటి సంగతి మధ్యలో చెబుతాను.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఇంజిన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్‌ని వాటర్ పంప్ రేడియేటర్‌కి పంపుతుంది, అక్కడ చల్లబడి మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. మధ్యలో థర్మోస్టాట్ అని ఒక వాల్వ్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుకునే ఉండి, చాలా బళ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. రేడియేటర్ మూత కూడా ఒట్టి మూత కాదు, అందులో రెండు వాల్వ్‌లు ఉంటాయి. కూలెంట్ వేడెక్కి వ్యాకోచిస్తే ఎక్కువైనదాన్ని ఒక వాల్వ్ రిజర్వ్ ట్యాంకులోకి వదులుతుంది, ఇంజిన్ చల్లారాక రెండోది దాన్ని మళ్లీ వెనక్కి లాక్కోనిస్తుంది. ఈ వెనక్కి లాక్కోవడమే కీలకం. మూత రబ్బరు ఎండిపోయినా, ట్యాంకుకి వెళ్లే సన్నటి పైపు చీలినా, కూలెంట్‌కి బదులు గాలి లోపలికి పోతుంది. అప్పుడు ట్యాంకు నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం వెలితి పడుతూ వస్తుంది. అందుకే ట్యాంకు మీద గీతలు చూసి ఊరుకోకండి, నెలకోసారి బండి చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి అంచు దాకా ఉందో లేదో చూడండి.

ఇక ఏం పోయాలి? కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు, తుప్పు పట్టకుండా ఆపే కొన్ని రసాయనాలు. సగం గ్లైకాల్ సగం నీళ్లు కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మినియాపొలిస్‌లోనో టొరంటోలోనో ఉండి ఈ పాఠం చదువుతున్నవాళ్లకి ప్రాణం లాంటి సంగతి ఇదే, అక్కడ ఒట్టి నీళ్లు పోసి రాత్రి బయట వదిలేస్తే అవి గడ్డకట్టి ఉబ్బి ఇంజిన్ బ్లాక్ పగిలిపోవచ్చు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్లకి గడ్డకట్టే బాధ లేదు కదా, మరి మనకెందుకంటే, అదే మిశ్రమం మామూలుగానే 107 డిగ్రీల దగ్గర గానీ మరగదు, మూత పట్టి ఉంచే ప్రెషర్‌తో కలిపితే 125 దాటినా మరగదు. పైగా లోపలి అల్యూమినియం తినేయకుండా చూస్తుంది. అలాగని గ్లైకాల్ ఎక్కువైతే మంచిదని చిక్కటి కూలెంట్‌ని నేరుగా పోయకండి. వేడిని మోసుకెళ్లడంలో నీళ్లే మేలు, ఉత్త గ్లైకాల్ పోస్తే బండి ఇంకా తొందరగా హీటెక్కుతుంది.

షాపులో డబ్బా కొనేటప్పుడు, అది నీళ్లు కలిపి సిద్ధంగా ఉన్నదా, మనం కలుపుకోవాల్సిన చిక్కటిదా అనేది లేబుల్ మీద చదవండి. కలుపుకోవాల్సిందైతే డిస్టిల్డ్ వాటరే వాడండి, బ్యాటరీలో పోసే నీళ్ల డబ్బా సరిపోతుంది. అది బ్యాటరీ యాసిడ్ కాదని మాత్రం రెండుసార్లు చూసుకోండి. బోరు నీళ్లు అసలొద్దు. ఇంట్లో గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి ఉప్పే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఇంకో మాట, రంగును నమ్మకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనేవి కంపెనీలు కలిపే రంగులే, ఒకే రంగులో ఉన్న రెండు కూలెంట్లు వేరే రకాలు కావచ్చు. పడని రకాలు కలిస్తే జిగురులా చిక్కబడే అవకాశం ఉంది. మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే తెచ్చుకోండి.

జాగ్రత్తలు మూడే, కానీ ఒక్కటి కూడా వదలకండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయొద్దు, మూత తీయగానే ప్రెషర్ పడిపోయి కూలెంట్ ఒక్కసారిగా మరిగి ముఖం మీదకి ఎగజిమ్ముతుంది. పొద్దున్నే, రాత్రంతా చల్లారిన బండి మీదే ఈ పని పెట్టుకోండి. రెండోది, ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతుంది, వేళ్లు, చున్నీ, కండువా దాని దగ్గరికి పోనివ్వకండి. మూడోది, గ్లైకాల్ విషం, పైగా రుచికి తియ్యగా ఉంటుంది. కింద కారితే కుక్కలు, పిల్లులు నాకి చనిపోతాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బా వాళ్లకి అందేచోట పెట్టకండి. కారిన వెంటనే నీళ్లు పోసి గుడ్డతో తుడిచేయండి.

రిజర్వ్ ట్యాంకు కొంచెం తగ్గి, రేడియేటర్ అంచు దాకా ఉంటే, ట్యాంకులో రెండు గీతల మధ్యకి వచ్చేలా పోసి మూత పెట్టేయండి, ఎయిర్ తీయక్కర్లేదు. రేడియేటర్‌లోనే వెలితి కనిపించినా, హోస్ (కూలెంట్ వెళ్లే రబ్బరు పైపు) మార్చినా, కూలెంట్ మొత్తం దించి కొత్తది పోసినా ఎయిర్ తీయాల్సిందే.

ముందు బండి ముక్కు ఎత్తులో ఉండేలా ఆపండి. ఇంటి గేటు ముందు ర్యాంప్ ఉంటే ముందు చక్రాలు దాని మీదకి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టండి. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి రేడియేటర్ మూత అన్నిటికన్నా ఎత్తులో ఉండాలని ఈ ఏర్పాటు. హీటర్ నాబ్‌ని పూర్తిగా వేడి వైపు తిప్పండి, ఏసీ ఆపేయండి. డ్యాష్‌బోర్డు వెనక హీటర్‌కి కూడా ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది, కొన్ని బళ్లలో నాబ్ తిప్పితే గానీ దాంట్లోకి కూలెంట్ పోదు, అక్కడి గాలి అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు మూత తీసి, గరాటు పెట్టి, సన్నటి ధారగా పోయండి. దబదబా పోస్తే గాలి బయటికొచ్చే దారి ఉండదు. కాస్త పోయగానే బుడగలు వస్తాయి, ఆగండి, లెవల్ దిగుతుంది, మళ్లీ పోయండి. మధ్యమధ్యలో రేడియేటర్ పై హోస్‌ని చేత్తో నొక్కి వదలండి, ప్రతి నొక్కుకీ రెండు మూడు బుడగలు పైకొస్తాయి. ఇంక రావట్లేదు అన్నప్పుడు, మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి.

ఇక్కడ ఓపిక కావాలి. ఆక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో వదిలేసి, ముఖం దూరంగా ఉంచి చూస్తూ ఉండండి. మొదట్లో కూలెంట్ పెద్దగా కదలదు. పది పదిహేను నిమిషాలకి థర్మోస్టాట్ తెరుచుకోగానే లెవల్ ఒక్కసారిగా దిగుతుంది, లోపల ప్రవాహం కంటికి కనిపిస్తుంది, కొన్నిసార్లు లోపలి నుంచి ఒక పెద్ద బుడగ వచ్చి కూలెంట్ పైకి పొంగుతుంది. దిగినంత మేరకు మళ్లీ నెమ్మదిగా పోయండి. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగి, మళ్లీ రెండోసారి తిరిగేదాకా ఇలాగే ఉంచండి. లోపల హీటర్ గాలి సెగలా వేడిగా వస్తుంటే, రేడియేటర్‌కి వెళ్లే రెండు పెద్ద హోస్‌లూ వేడెక్కి ఉంటే, బుడగలు ఆగిపోతే ఎయిర్ పోయినట్టే. మూత బిగించి, ట్యాంకు లెవల్ సరిచూసి ఆపేయండి. ఈ మొత్తంలో ముల్లు మధ్య దాటి పైకి పోతుంటే వెంటనే ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి.

కొన్ని బళ్లలో థర్మోస్టాట్ దగ్గరో హీటర్ పైపు మీదో బ్లీడర్ స్క్రూ ఉంటుంది. పోసేటప్పుడే దాన్ని కాస్త వదులు చేస్తే ముందు గాలి, తర్వాత నురగ, చివరికి బుడగ లేని ధార వస్తుంది, అప్పుడు బిగించేయాలి. చాలావాటికి ఆ స్క్రూ ప్లాస్టిక్‌ది, బలం పెడితే విరుగుతుంది. ప్రెషర్ మూత ట్యాంకుకే ఉన్న బళ్లలో ఆ ట్యాంకే అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి చాలావరకు గాలి తిరుగుతూ దానంతట అదే అక్కడికి చేరుతుంది, మనం పోయాల్సింది కూడా అందులోనే.

బుడగలు ఎంతకీ ఆగకపోతే ఏంటి? ఫ్యాన్ నాలుగైదు సార్లు తిరిగినా సన్నటి బుడగలు వస్తూనే ఉంటే అది మిగిలిపోయిన గాలి కాకపోవచ్చు, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కి, దాని పైనుండే హెడ్‌కి మధ్య ఉండే సీల్) పోయి సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందేమో అనుమానించాలి. ఇప్పుడు డిప్ స్టిక్ తీయండి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా మారినా, సైలెన్సర్ నుంచి బండి వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తున్నా, ఆ బండిని నడపకుండా మెకానిక్‌ని పిలిపించండి.

ఇక దారిలో హీటెక్కిందనుకోండి. ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించి పక్కకి ఆపండి. చెమటలు పట్టినా సరే, ఇంజిన్‌లోని వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. ఇంజిన్ ఆపాక కనీసం ముప్పావు గంట మూత జోలికి పోకండి. కాగిపోయిన ఇంజిన్‌లో చల్లనీళ్లు పోయడమంటే హెడ్‌ని చేతులారా పగలగొట్టుకోవడమే. చల్లారాక, కూలెంట్ లేకపోతే తాగే నీళ్లయినా పోసి దగ్గర్లో ఉన్న షెడ్డు దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు, ఆ తర్వాత ఆ నీళ్లు దించి సరైన కూలెంట్ నింపించాలి.

ఎయిర్ తీసిన మర్నాడు పొద్దున బండి తీయకముందే రేడియేటర్ మూత తీసి చూడండి. కాస్త దిగి ఉండటం మామూలే, పోసుకుని మూత పెట్టండి. వారంలో మళ్లీ దిగితే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం. అది ఎక్కడో పట్టుకోవడం 5వ పాఠం. దానికి ఒక టార్చ్ లైటు, బండి కింద పరచడానికి ఒక అట్టముక్క సిద్ధంగా పెట్టుకోండి. దించిన పాత కూలెంట్ ఉంటే మోరీలో పారబోయకుండా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, లేబుల్ మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి, సర్వీస్ సెంటర్‌లో తీసుకుంటారేమో అడిగి ఇచ్చేయండి.